పసిబిడ్డ పచ్చగా ఉంటే పాలు మానిపించాలా? కామెర్లపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పిల్లల డాక్టరుగా నేను తరచుగా వినే ప్రశ్న ఇది: "డాక్టరమ్మా, గుంటడు పచ్చగా ఉన్నాడు, తల్లిపాలు ఆపేయమంటారా?" చాలాసార్లు ఇది అడిగేది తల్లి కాదు. అమ్మమ్మో, నాయనమ్మో అడుగుతారు. ఆ తల్లి మంచం మీద మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది. నా పాల వల్లే బిడ్డకు ఇలా అయిందేమో అన్న భయం ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంటుంది.

ఆపవద్దు. గెలాక్టోసీమియా లాంటి చాలా అరుదైన జబ్బు పరీక్షల్లో తేలితే తప్ప, కామెర్ల పేరుతో తల్లిపాలు మానిపించాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. చాలామంది పిల్లల్లో మొదటి వారం కామెర్లు పెరిగేది పాలు తాగడం వల్ల కాదు, చాలినన్ని తాగకపోవడం వల్ల.

నెలలు నిండి పుట్టిన ప్రతి 10 మందిలో సుమారు ఆరుగురికి, నెలలు నిండకుండా పుట్టిన 10 మందిలో ఎనిమిది మందికి మొదటి వారంలో ఎంతో కొంత పచ్చదనం కనిపిస్తుంది. పసిబిడ్డ ఒంట్లో ఎర్ర రక్తకణాలు ఎక్కువ. పైగా అవి పెద్దవాళ్ల కణాల కంటే త్వరగా విరుగుతాయి. విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చ పదార్థం పుడుతుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ దాన్ని మాయ ద్వారా తల్లి శరీరం తీసేసేది. పుట్టాక ఆ పని బిడ్డ కాలేయం చేసుకోవాలి, దానికేమో ఇంకా పని పూర్తిగా అలవాటు కాలేదు. అందుకే రెండో రోజో మూడో రోజో పచ్చదనం మొదలై, మూడు నుంచి ఐదు రోజుల మధ్య బాగా పెరిగి, రెండు వారాల లోపు తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు నీళ్లు కలుషితమై వచ్చే పచ్చకామెర్లు వేరు, ఇవి వేరు. ఇవి అంటుకునేవి కావు. వీటికి ఉప్పులేని పథ్యంతో పని లేదు.

అపోహ: తల్లిపాలు ఆపితే కామెర్లు తగ్గుతాయి

కాలేయం శుద్ధి చేసిన బిలిరుబిన్ పిత్తంతో కలిసి పేగుల్లోకి వస్తుంది. అక్కడి నుంచి విరేచనంతో బయటికి పోవాలి. పుట్టగానే బిడ్డ వెళ్లే నల్లటి జిగురు దొడ్డిలో ఇది చాలా ఉంటుంది. ఆ దొడ్డి పేగుల్లోనే నిలిచిపోతే అందులోని బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది. పేగులు కదలాలంటే పాలు పడాలి. ముర్రుపాలకు విరేచనం సాఫీగా చేసే గుణం ఉంది కాబట్టి, పుట్టిన గంటలోపు మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 12 సార్లు పాలిస్తే నల్ల దొడ్డి త్వరగా పోయి, నాలుగైదు రోజులకు పసుపు రంగు దొడ్డి వస్తుంది. చిక్కగా, పచ్చగా ఉన్నాయని, చెడ్డవని ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. పారబోసిన ఆ పాలే బిడ్డకు మొదటి మందు.

డాక్టర్లు కూడా రెండు విషయాలను ఒకే మాటతో చెప్పేయడం వల్ల ఈ గందరగోళం పెరిగింది. ఒకటి, మొదటి వారంలో పాలు చాలకపోవడం వల్ల పెరిగే కామెర్లు. సిజేరియన్ అయిన తల్లికి పాలు కాస్త ఆలస్యంగా పడతాయి. 35, 36 వారాలకే పుట్టిన బిడ్డ మగతగా ఉండి సరిగ్గా చీకలేడు. కొందరు రొమ్ము చివర మాత్రమే పట్టుకుంటారు, పాలు రావు, తల్లికి పుండ్లు పడతాయి. ఇక్కడ పాలు తగ్గిస్తే కామెర్లు ఇంకా పెరుగుతాయి. చేయాల్సింది పాలు పెంచడం. రొమ్ము చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లేలా పట్టించాలి. పడుకుండిపోతే బట్ట విప్పి, అరికాళ్లు రాసి లేపి పట్టాలి. అప్పటికీ చీకకపోతే పాలు చేత్తో పిండి మన ఉగ్గుగిన్నెతోనే పట్టవచ్చు.

రెండోది అసలైన తల్లిపాల కామెర్లు. ఇవి మొదటి వారం దాటాక తెలుస్తాయి, రెండో వారంలో ఎక్కువగా కనిపిస్తాయి, ఒక్కోసారి రెండు మూడు నెలల దాకా సన్నగా కొనసాగుతాయి. బిడ్డ హుషారుగా ఉంటుంది, బరువు పెరుగుతుంది, మూత్రం, దొడ్డి మామూలుగా ఉంటాయి. పాలలోని కొన్ని పదార్థాల వల్ల పేగుల నుంచి బిలిరుబిన్ కాస్త ఎక్కువ వెనక్కి పోతుంది. కొందరు పిల్లల్లో వంశపారంపర్యంగా కాలేయం ఆ పనిని నెమ్మదిగా చేస్తుంది. వీటికి మందు అక్కర్లేదు, పాలు ఆపక్కర్లేదు. రెండు రోజులు పాలు ఆపి చూడండి అని చెప్పే పద్ధతి పూర్వం ఉండేది, ఇప్పుడు అలా సలహా ఇవ్వం. ఆ రెండు రోజుల్లో రొమ్ములు గట్టిపడి, పాలు తగ్గి, డబ్బాపాలు మరిగిన బిడ్డ రొమ్ము పట్టకుండా పోయిన తల్లులు ఎందరో నా దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత ఎన్ని మాటలు చెప్పినా వాళ్లకు తమ పాల మీద నమ్మకం తిరిగి రావడం చాలా కష్టం.

అపోహ: పాలు పడేదాకా పంచదార నీళ్లు, తేనె, గాడిదపాలు పట్టాలి

"పాలు పడలేదమ్మా" అన్న మాట మా వార్డులో వినని రోజు ఉండదు. మొదటి రెండు రోజులు ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి. బిడ్డ పొట్ట కూడా చిన్నదే కాబట్టి అవి సరిపోతాయి. మూడు నాలుగు రోజులకు పాలు బాగా పడతాయి, అదీ బిడ్డ చీకుతూ ఉంటేనే. చీకే కొద్దీ పాలు ఊరతాయి.

పంచదార నీళ్లు, గ్లూకోజు నీళ్లు పడితే కామెర్లు కడుక్కుపోతాయని అనుకుంటారు. నీళ్లు తాగితే మూత్రం వస్తుంది. పసిబిడ్డల్లో మామూలుగా వచ్చే ఈ బిలిరుబిన్ ప్రధానంగా పోయేది దొడ్డితో, మూత్రంతో కాదు. నీళ్లతో పొట్ట నిండిన బిడ్డ పాలు తక్కువ తాగుతుంది, దాంతో కామెర్లు పెరుగుతాయి. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల ఏడాదిలోపు పిల్లలకు కండరాలు చచ్చుబడే బొటులిజం అనే జబ్బు రావచ్చు. అందుకని నాకించడానికి కూడా తేనె వద్దు. వీధిలో గాడిదను తోలుకొచ్చి పిండి ఇచ్చే పాలు కామెర్లను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. కాచని ఏ జంతువు పాలైనా పసిబిడ్డకు ప్రమాదమే. వస, ఆముదం కూడా వద్దు.

బరువు చాలా తగ్గిన బిడ్డకు, తల్లిపాలు పిండి పట్టినా చాలనప్పుడు, కొన్ని రోజులు డబ్బాపాలు అవసరం కావచ్చు. అది బరువు చూసి, రక్తపరీక్ష చూసి డాక్టరు తీసుకునే నిర్ణయం. చుట్టాలో, మెడికల్ షాపు వాళ్లో చెప్పేది కాదు. డబ్బాపాలకు ప్రచారం చేయడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది.

పాలు చాలుతున్నాయో లేదో ఇంట్లోనే తెలుస్తుంది. ఐదారు రోజులకు బిడ్డ రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోయాలి, పసుపు దొడ్డికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. పుట్టిన బరువులో 10 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి.

అపోహ: తల్లి పసుపు తింటే, మామిడిపండు తింటే బిడ్డకు కామెర్లు వస్తాయి

రావు. తల్లి తిన్న కూరల రంగుకీ బిడ్డ ఒంటి రంగుకీ సంబంధం లేదు. బాలింతను వెల్లుల్లి కారం, చారు మెతుకులతో సరిపెట్టి, ఒళ్లు వస్తుందని నీళ్లు కూడా లెక్కపెట్టి ఇవ్వడం చూస్తే నాకు చాలా బాధ వేస్తుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, పండు అన్నీ పెట్టండి. దాహం తీరా తాగనివ్వండి.

అపోహ: పొద్దున్నే లేత ఎండలో చూపిస్తే చాలు

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే సిస్టరు పసిపిల్లలను ఆరుబయట ఎండకు తిప్పేవారు. ఒక బిడ్డ ఒంటి మీద దుప్పటి కప్పిన చోట మాత్రం పచ్చగా ఉండి, ఎండ తగిలిన చోట పచ్చదనం తగ్గడం ఆమె గమనించి డాక్టర్లకు చూపించారు. దాని వెంట పడిన డాక్టర్ క్రీమర్ బృందం దీపాలతో చికిత్స తయారుచేసి 1958లో ప్రచురించింది. ఇప్పుడు మనం బిడ్డను "బాక్సులో పెట్టారు" అంటున్నది ఆ చికిత్సకు ఈనాటి రూపమే.

అయితే ఎండలో ఎంత వెలుగు తగులుతోందో కొలిచే వీలు లేదు. పనిచేయాలంటే బిడ్డను బట్టల్లేకుండా గంటల తరబడి ఉంచాలి. వేసవిలో అలా ఉంచితే వడదెబ్బ తగులుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం కాలుతుంది. ధనుర్మాసం పొద్దుల్లో బిడ్డ చల్లబడిపోతుంది. బట్టల్లో చుట్టి పది నిమిషాలు వాకిట్లో కూర్చోబెట్టుకుంటే కామెర్లకు ఒరిగేదేమీ లేదు. అన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఎండ చూపిస్తున్నాంలే అన్న ధైర్యంతో ఆసుపత్రికి రావాల్సిన రెండు రోజులు పోగొడతారు. ఇంట్లో ట్యూబులైటు కింద పడుకోబెట్టినా అంతే.

ఈ దీపాల చికిత్సలో, అంటే ఫొటోథెరపీలో, వాడేది నీలి వెలుగు. అది చర్మంలోని బిలిరుబిన్ రూపం మార్చి, కాలేయం సాయం పెద్దగా అక్కర్లేకుండానే బయటికి పోయేలా చేస్తుంది. అది కరెంటు షాకు కాదు, ఎక్స్‌రే కాదు. కళ్లకు గంతలు కట్టేది వెలుగు నుంచి కాపాడటానికి. విరేచనాలు కాస్త పలచగా, ఆకుపచ్చగా అయితే కంగారు వద్దు. లైటు కింద ఉన్న బిడ్డను పాలకు బయటికి తీయకూడదన్నది కూడా అపోహే. కామెర్లు మరీ తీవ్రంగా లేనప్పుడు పాలు పట్టేంతసేపు తీయవచ్చు. తీయాలి కూడా. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఎస్‌ఎన్‌సీయూల్లో (జబ్బుపడ్డ పసిబిడ్డల ప్రత్యేక వార్డుల్లో) ఈ చికిత్స ఉచితం.

అపోహ: పసరు పోస్తే, వాతలు పెడితే దిగిపోతాయి

మన్యం వైపు నుంచి, కొన్నిసార్లు పట్నం పక్క ఊళ్ల నుంచి కూడా పొట్ట మీదో మణికట్టు మీదో కాలిన వాతలతో పిల్లలు వస్తారు. పసరు పోసిన మూడు రోజులకు తగ్గిందంటే, అది ఐదో రోజు దాటి దానంతట అదే తగ్గే సమయం. తగ్గని బిడ్డకు మాత్రం కాలిన పుండులోంచి చీము పట్టి, రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకుతుంది. కళ్లలో, ముక్కులో పసరు పోయడం ఇంకా ప్రమాదం. పెద్దవాళ్లు బిడ్డ మీద ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు. అయినా ఒక్క వాత కూడా వద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

ఎవరూ అనుమానించని ఒక కారణం కూడా చెప్పాలి. పసిబిడ్డకు పాత బట్టలే కట్టాలని బీరువాలోంచి, ట్రంకు పెట్టెలోంచి మెత్తటి చీరముక్కలు తీస్తారు. వాటి మధ్య కలరా ఉండలు ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు ఆ నాఫ్తలిన్ వాసన తగిలినా రక్తకణాలు ఒక్కసారిగా విరిగి కామెర్లు విపరీతంగా పెరగవచ్చు. తరతరాలుగా మలేరియా ఉన్న ప్రాంతాల ప్రజల్లో ఈ లోపం ఎక్కువ, మగపిల్లల్లో మరీ ఎక్కువ. బిడ్డ బట్టల దగ్గర ఆ ఉండలు వేయకండి.

అపోహ: అందరు పిల్లలకూ వచ్చేవే, చూస్తే తెలిసిపోతుంది

వచ్చిన వాళ్లలో చాలామందికి వాటంతట అవే పోతాయన్నది నిజమే. కొందరిలో పోవు. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి దిగి చెవుడు, అవయవాలు స్వాధీనంలో లేకపోవడం లాంటి శాశ్వత నష్టం జరుగుతుంది. అది దాదాపు ఎప్పుడూ ఆపగలిగిన నష్టమే, సమయానికి తీసుకొస్తే.

పుట్టిన 24 గంటల్లోపు పచ్చదనం కనిపిస్తే అది మామూలు కామెర్లు కాదు, ఆ రోజే పరీక్ష చేయించాలి. తల్లి రక్తం 'ఓ' (O) గ్రూపో, నెగటివో అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రిపోర్టులో అంకె ఒక్కటే చూసి నిర్ణయించలేం. పుట్టిన 20 గంటలకు బిలిరుబిన్ 12 (డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు) ఉంటే గాభరా పడాల్సిన సంగతి. నెలలు నిండిన బిడ్డకు నాలుగో రోజు అదే 12 ఉంటే చాలాసార్లు పాలు పట్టి గమనిస్తే సరిపోతుంది. అందుకే పక్కింటి బిడ్డ రిపోర్టుతో పోల్చుకోవద్దు.

పురుటి గదిలో కిటికీలు మూసి, పసుపు రంగు బల్బు వేసి, నలుగు పెట్టి స్నానం చేయించిన బిడ్డ ఒంటి మీద పచ్చదనం ఎలా కనిపెడతారు? రోజుకొకసారి పగటి వెలుగు పడే చోట, నీడపట్టున చూడండి. నుదురు మీద, గుండె మీద వేలితో నొక్కి వదలండి. నల్లటి ఒంటి పిల్లల్లో చిగుళ్లు, కంటి తెలుపు చూడండి. పచ్చదనం ముఖం నుంచి కిందికి పాకుతుంది. అరచేతులు, అరికాళ్ల దాకా వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. పాలకు లేవకపోయినా, ఒళ్లు వేలాడేసినా, వెనక్కి విల్లులా వంగినా, కీచుగా ఏడ్చినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే

తల్లిపాలు ఆపవద్దని ఇంత గట్టిగా చెప్పే నేనే ఇంకో మాట కూడా అంతే గట్టిగా చెబుతాను. రెండు వారాలు దాటిన కామెర్లను, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లలో మూడు వారాలు దాటిన వాటిని, "తల్లిపాల కామెర్లేలే" అని పరీక్ష లేకుండా వదిలేయకూడదు. అది తల్లిపాల వల్లేనని తేల్చుకునేది మిగతా కారణాలు లేవని తెలిశాకే. థైరాయిడ్ లోపం ఉండవచ్చు. పిత్తనాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీసియా ఉండవచ్చు. ఈ జబ్బులో బిడ్డ మొదట్లో బాగానే పాలు తాగుతుంది, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కానీ దొడ్డి సున్నం కలిపినట్టు పాలిపోతుంది, మూత్రం ముదురు పసుపుగా బట్టకు అంటుతుంది. పిత్తం పేగులోకి పోయేలా దారి చేసే 'కసాయ్' అనే ఆపరేషన్ బిడ్డకు రెండు నెలలు నిండకముందే అయితే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ కాలేయం పాడవుతుంది. మొత్తం బిలిరుబిన్‌తో పాటు డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం శుద్ధి చేసినది) కూడా చూసే రక్తపరీక్ష చేయిస్తే దీని జాడ దొరుకుతుంది.

ఆసుపత్రి కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. పద్నాలుగో రోజు ఆమె వచ్చినప్పుడు బిడ్డను గదిలోంచి వెలుతురులోకి తీసుకొచ్చి చూపించండి. దొడ్డి అయిన గుడ్డను ఉతికేయకుండా ఉంచి, దాన్ని కూడా చూపించండి.