డైరెక్టరీకి హార్డ్ లింక్ ఎందుకు కుదరదు?

అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసినవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఎల్ఎన్ కమాండ్‌తో ఫైల్‌కి హార్డ్ లింక్, అంటే అదే ఫైల్‌కి ఇంకో పేరు, పెట్టొచ్చు; డైరెక్టరీకి (ఫోల్డర్‌కి) పెట్టబోతే కుదరదంటుంది. ఎందుకని అడిగితే "లూప్ పడుతుంది సార్" అని ఇంటర్వ్యూకి సరిపడా ముక్క చెబుతారు. లూప్ అంటే లోపలికి వెళ్తూ వెళ్తూ మళ్లీ మొదటి డైరెక్టరీకే రావడం. అది తప్పు కాదు గానీ, సగమే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 మెషీన్ మీద రాసిన యూనిక్స్‌లో (లైనక్స్‌కి మూలమైన ఆపరేటింగ్ సిస్టమ్) పాత్‌నేమ్, అంటే ఏ డైరెక్టరీలో ఏ ఫైల్ అని చెప్పే పూర్తి దారి, అనేదే లేదు. వేరే డైరెక్టరీలో ఉన్న ఫైల్ కావాలంటే ముందు దానికి లింక్ పెట్టుకోవాల్సిందే. సిస్టమ్ నడుస్తుండగా కొత్త డైరెక్టరీ చేసే వీలూ లేదు. 1974లో థాంప్సన్, అతని సహచరుడు డెనిస్ రిచీ యూనిక్స్ మీద ప్రచురించిన పేపర్ నాటికి డైరెక్టరీలన్నీ ఒకే చెట్టుగా ఉండాలన్న నియమం స్థిరపడింది. చెట్టయితే దాన్ని తిరిగి చూసే ప్రోగ్రామ్‌లు రాయడం తేలిక. అంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉందని వాళ్లే రాశారు: లింక్‌లు ఇష్టమొచ్చినట్టు ఉంటే, రూట్ (అన్నిటికంటే పై డైరెక్టరీ) నుంచి ఒక డైరెక్టరీకి ఉన్న ఆఖరి దారి ఎప్పుడు తెగిందో కనిపెట్టడం కష్టం.

అదెలాగంటే, ఫైల్‌కి ఎన్ని పేర్లున్నాయో ఐనోడ్‌లో, అంటే ఆ ఫైల్ వివరాలుండే రికార్డులో, ఒక లెక్క ఉంటుంది. అది సున్నా అయితే డిస్క్‌లో ఆ చోటు ఖాళీ చేస్తారు. డైరెక్టరీ తన లోపలి డైరెక్టరీలోనే తనకు లింక్ పెట్టుకుందనుకోండి. బయటి పేరు చెరిపేసినా లెక్క సున్నాకి రాదు. అక్కడికి వెళ్లలేం, ఆ చోటూ తిరిగి రాదు. పైగా ప్రతి డైరెక్టరీలోనూ తన తల్లి ఎవరో చెప్పే రెండు చుక్కల ఎంట్రీ ఒకటే ఉంటుంది. దత్తత వెళ్లిన పిల్లాడికి రెండు ఇంటిపేర్లూ ఉండాలంటే ఎలా?

తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో కొత్త డైరెక్టరీ చేసే ఎమ్‌కేడిర్ కమాండే సూపర్‌యూజర్ (సర్వాధికారి) హక్కుతో ఆ చుక్కల ఎంట్రీలను హార్డ్ లింక్‌లుగా పెట్టేది. 1983లో 4.2 బీఎస్‌డీ (బర్క్‌లీ యూనిక్స్) ఆ పనిని సిస్టమ్ కాల్‌గా, అంటే కెర్నెల్ స్వయంగా చేసే పనిగా మార్చింది. సింబాలిక్ లింక్‌లూ (సింలింక్‌లు) అందులోనే వచ్చాయి.

సింలింక్ చిరునామా రాసిన చీటీ లాంటిది. లెక్కల గొడవ లేదు, ఇల్లు మారితే చీటీ వృథా. దాంట్లోంచి లోపలికి వెళ్లి, డైరెక్టరీ మార్చే సీడీ కమాండ్‌తో వెనక్కొస్తే ఒక చోటికి, అక్కడే జాబితా చూపే ఎల్ఎస్‌తో పై డైరెక్టరీ చూస్తే ఇంకో చోటికి చేరతాం. ఈ తికమక మీద 2000లో బెల్ ల్యాబ్స్‌కే చెందిన రాబ్ పైక్, అక్కడి ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఏకంగా పేపరే రాశాడు. లూప్ కూడా పోలేదు. మాదాపూర్‌లో పనిచేసే రోజుల్లో నేను రాసిన బ్యాకప్ స్క్రిప్ట్, తనవైపే చూపే ఒక సింలింక్‌లో దూరి అదే డేటాను మళ్లీ మళ్లీ కాపీ చేసింది. ఒక పాత్‌లో 40 సింలింక్‌లు దాటితే లైనక్స్ ఒప్పుకోదు కాబట్టి అక్కడ ఆగింది. డిస్క్ అప్పటికే నిండుకుండ.

ఇంత తెలిసీ యాపిల్ 2007లో తన బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్ కోసం, మ్యాక్ ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో డైరెక్టరీ హార్డ్ లింక్‌లను తెచ్చింది. మారని ఫోల్డర్‌ని ప్రతి గంటా కాపీ చేయకుండా పాతదానికే లింక్ పెట్టేది, లూప్ పడకుండా షరతులతో. దాని స్థానంలో 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌లో ఆ సదుపాయం లేదు. ఆ పని ఇప్పుడు స్నాప్‌షాట్‌లు (ఆ క్షణానికి డిస్క్ ఎలా ఉందో పట్టి ఉంచే నకళ్లు) చేస్తున్నాయి.