18 ఎక్కడి అంకె? ప్రతిపక్ష హోదా గొడవ వెనక 2019 జూన్

అసెంబ్లీ సమావేశాల తేదీలు ఖరారయ్యాయంటే చాలు, ఆంధ్రప్రదేశ్‌లో రెండు అంకెలు మళ్లీ చర్చకు వస్తున్నాయి. ఒకటి 18: ప్రతిపక్ష హోదా దక్కాలంటే ఉండాల్సిన సభ్యుల సంఖ్య అని అధికార పక్షం చెబుతున్న లెక్క. రెండోది 60: అనుమతి లేకుండా ఇన్ని రోజులు సభకు రాకపోతే సభ్యత్వం పోవచ్చన్న రాజ్యాంగ నిబంధన. హోదా ఇస్తేనే వస్తామని వైసీపీ అంటోంది. రాకపోతే సీటే పోతుందని అవతలి పక్షం హెచ్చరిస్తోంది.

2024 ఫలితాలు తెలిసినవే. 175 స్థానాల్లో టీడీపీకి 135, జనసేనకు 21, బీజేపీకి 8, వైసీపీకి 11. జూన్ 21న కొత్త సభ్యుల ప్రమాణాలు జరిగినప్పుడు జగన్‌ను మంత్రుల తర్వాత పిలిచారు. ముఖ్యమంత్రి తర్వాత ప్రతిపక్ష నేత, ఆ తర్వాతే మంత్రులు ప్రమాణం చేయడం ఆనవాయితీ. హోదా ఇవ్వకూడదని ముందే నిర్ణయించుకున్నారనడానికి ఇదే రుజువంటూ ఆయన కొద్ది రోజులకే స్పీకర్‌కు లేఖ రాశారు. తర్వాత హైకోర్టుకూ వెళ్లారు. 2025 మార్చి 5న స్పీకర్ అయ్యన్నపాత్రుడు సభలో రూలింగ్ ఇచ్చారు: పదో వంతు బలం, అంటే 18 మంది లేనిదే హోదా లేదు. ఆ రూలింగ్ మీద కూడా జగన్ హైకోర్టు గడప తొక్కారు.

మరి ఈ 18 ఏ చట్టంలో ఉంది? ప్రతిపక్ష నేత జీతభత్యాలు, హోదా గురించి చెప్పేది 1953 నాటి జీతాలు, పింఛన్ల చెల్లింపు, అనర్హతల తొలగింపు చట్టం. అందులోని 12-బి సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానికి ప్రతిపక్షంగా ఉన్న పార్టీల్లో ఎక్కువ మంది సభ్యులున్న పార్టీకి సభలో నాయకుడై ఉండాలి, స్పీకర్ అలా గుర్తించాలి. అంతే. శాతం మాట లేదు. పార్లమెంటుకు 1977లో చేసిన చట్టమూ ఇదే పద్ధతిలో ఉంది.

పదో వంతు లెక్క పుట్టింది కోరం నుంచి, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు నుంచి. లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ హయాంలో, ఒక పక్షాన్ని పార్టీగా గుర్తించాలంటే కనీసం కోరానికి సరిపడా సభ్యులు ఉండాలని నియమం పెట్టారు. కోరం అంటే మొత్తం సభ్యుల్లో పదో వంతు. సభలో ఆ పక్షానికి సీట్లు ఎక్కడ కేటాయించాలి, చర్చలో ఎంత సమయం ఇవ్వాలి, పార్లమెంటు భవనంలో గది ఇవ్వాలా వద్దా అన్నవి తేల్చుకోవడానికి పెట్టిన కొలత అది. రాష్ట్ర శాసనసభల కోరం సంగతి రాజ్యాంగం 189వ అధికరణలో ఉంది: పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175లో పదో వంతు 17.5. అర మనిషి ఉండడు కాబట్టి 18. సభ నడవడానికి ఉండాల్సిన హాజరు అలా ప్రతిపక్ష నేత కుర్చీకి అర్హతగా మారింది. చట్టం దాన్ని అడగలేదు, ఆనవాయితీయే తెచ్చిపెట్టింది.

ఆనవాయితీ బలం ఎంత అన్నదే ఇప్పుడు కోర్టు ముందున్న ప్రశ్న. కానీ రాజకీయంగా ఈ అంకెకు తెలుగు నేల మీద ప్రాణం పోసింది 2019 జూన్‌లోని ఒక వారం. ఆ వారంలో ఏం జరిగిందో చూడకుండా ఇవాళ్టి వాదనలు వింటే రెండు పక్షాలూ సూత్రం కోసమే పోరాడుతున్నాయని అనిపిస్తుంది.

మొదటి సంఘటన హైదరాబాద్‌లో జరిగింది. 2018 ఎన్నికల్లో 119 మంది సభలో కాంగ్రెస్ 19 గెలిచింది. భట్టి విక్రమార్క ప్రతిపక్ష నేత అయ్యారు. తర్వాత ఒక్కొక్కరే టీఆర్ఎస్ వైపు నడిచారు. ఒక్కొక్కరుగా వెళితే ఫిరాయింపు, అనర్హత వేటు. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు నాలుగో పేరా ప్రకారం మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే విలీనం, వేటు ఉండదు. 19 మందిలో మూడింట రెండు వంతులంటే 13 మంది కావాలి. వెళ్లాలనుకున్నవారు 12 మందే. ఈలోగా నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి హుజూర్‌నగర్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. పార్టీ బలం 18కి దిగింది. 18లో మూడింట రెండు వంతులు సరిగ్గా 12. జూన్ 6న ఆ 12 మంది స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డికి లేఖ ఇచ్చారు, అదే రోజు విలీనానికి ఆమోదం వచ్చింది. అంతకుముందు నెలలుగా కదలని ఫిరాయింపు ఫిర్యాదులు ఒక పక్కన, గంటల్లో తేలిన విలీనం ఇంకో పక్కన.

కాంగ్రెస్‌కు మిగిలింది ఆరుగురు. మజ్లిస్‌కు ఏడుగురు. 119లో పదో వంతు 12. ఇద్దరికీ లేదు. భట్టి హోదా పోయింది, ఆ సభాకాలం ముగిసేదాకా ప్రతిపక్ష నేత కుర్చీ ఖాళీ. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ చైర్మన్ పదవి మజ్లిస్ నేత అక్బరుద్దీన్ ఒవైసీకి వెళ్లింది. ప్రతిపక్షాన్ని ఓడించాల్సిన పనిలేదు, పదో వంతు కిందికి దించితే చాలు అన్న పాఠం ఆ రోజు అందరికీ తెలిసింది.

సరిగ్గా వారం తర్వాత, జూన్ 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఉన్న వెలగపూడిలో. తమ్మినేని సీతారాం స్పీకర్‌గా ఎన్నికైన సందర్భంగా అభినందన ప్రసంగాలు జరుగుతున్నాయి. 151 మందితో ముఖ్యమంత్రి అయిన జగన్ మాట్లాడుతూ ఒక లెక్క చెప్పారు. టీడీపీకి 23 మందే ఉన్నారని, అందులో ఐదుగురిని లాగేస్తే చంద్రబాబుకు ప్రతిపక్ష హోదా కూడా ఉండదని కొందరు తనకు సలహా ఇచ్చారని, తాను ఆ పని చేయనని, ఎవరైనా రావాలనుకుంటే రాజీనామా చేసి రావాల్సిందేనని అన్నారు. 2014 తర్వాత వైసీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను టీడీపీ తీసుకున్న సంగతి గుర్తు చేస్తూ, తాను వేరని చెప్పుకోవడానికి అన్న మాటలవి. ఆ రోజు చప్పట్లు కొట్టినవారికి దాని ఖరీదు తెలియదు. పదో వంతు లేకపోతే హోదా లేదన్న సూత్రాన్ని సభానాయకుడే సభలో, రికార్డుల్లోకి ఎక్కేలా, ఒప్పుకున్నట్టయింది. 2024 నుంచి అధికార పక్షం పదేపదే చూపిస్తున్నది ఈ వీడియోనే.

ఆయన మాట ఎంతవరకు నిలిచిందో కూడా చెప్పుకోవాలి. వల్లభనేని వంశీ, కరణం బలరాం, మద్దాలి గిరి, వాసుపల్లి గణేశ్ అనే నలుగురు టీడీపీ సభ్యులు రాజీనామా చేయకుండానే అధికార పార్టీ పక్కన చేరారు. కాగితం మీద టీడీపీ సభ్యులే, కూర్చున్నది వేరే చోట. అందుకని లెక్క తగ్గలేదు, చంద్రబాబు హోదా పోలేదు. 2024 ఎన్నికల ముంగిట గంటా శ్రీనివాసరావు పాత రాజీనామాను ఆమోదించి, ఆ నలుగురి మీద అనర్హత వేటు వేసినప్పుడు టీడీపీకి మిగిలింది సరిగ్గా 18 మంది.

ఇప్పుడు వైసీపీ వాదనకు వద్దాం. దాని బలమంతా 12-బి సెక్షన్‌లోనే ఉంది. సభలో ఉన్నవి నాలుగే పార్టీలు, మూడు ప్రభుత్వంలో ఉన్నాయి. ప్రతిపక్షంలో ఎక్కువ బలం ఉన్న పార్టీ ఏదని అడిగితే ఒకే జవాబు వస్తుంది. పోటీ లేనప్పుడు స్పీకర్ ఎంపిక చేయడానికేముంది, గుర్తించడం తప్ప? గుర్తించే అధికారం అంటే గుర్తించకుండా ఉండే అధికారం కూడానా? దీనికి తోడు పాత ఉదాహరణలు చూపిస్తున్నారు. 1994లో 294 మంది సభలో కాంగ్రెస్ 26 సీట్లే గెలిచినా పి.జనార్దన్ రెడ్డి ప్రతిపక్ష నేతగా ఉన్నారని, 2015లో ఢిల్లీలో 70కి మూడే గెలిచిన బీజేపీకి హోదా దక్కిందని. ఢిల్లీ సంగతి నిజం, అక్కడ విజేందర్ గుప్తా ప్రతిపక్ష నేత అయ్యారు. పీజేఆర్ విషయంలో మాత్రం, ఆయన కాంగ్రెస్ పక్ష నేత మాత్రమేనని అధికార పక్షం అంటోంది. 1984 లోక్‌సభలో 30 మందితో టీడీపీకి హోదా ఇచ్చారన్న ఉదాహరణ ఎందుకు పెట్టారో గానీ, అది వైసీపీకి పనికిరాదు. ఆ లోక్‌సభలో అధికారికంగా ప్రతిపక్ష నేత లేరు.

అధికార పక్షానికి అన్నిటికంటే గట్టి ఉదాహరణ 2014 లోక్‌సభ. 44 మందితో ఉన్న కాంగ్రెస్‌కు సుమిత్రా మహాజన్ గుర్తింపు నిరాకరించారు. 2019లో 52 మంది వచ్చినా రాలేదు. 39 శాతం పైగా ఓట్లు వచ్చాయన్న వైసీపీ మాటకు సభాపర్వంలో విలువ లేదు. సభలో లెక్కకొచ్చేది తలలే. శాసన మండలికి వస్తే అక్కడ వైసీపీకి బలం ఉంది, బొత్స సత్యనారాయణ ప్రతిపక్ష నేత, ఎవరూ కాదనడం లేదు.

హోదా వల్ల వచ్చే క్యాబినెట్ ర్యాంకు, కారు, సిబ్బంది గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. అసలు తేడా మైక్ దగ్గర. ప్రతిపక్ష నేత లేచి చెయ్యెత్తితే స్పీకర్ సాధారణంగా అవకాశం ఇస్తారు, సభానాయకుడి తర్వాత మాట ఆయనదే. హోదా లేని పక్ష నేతకు పార్టీ బలాన్ని బట్టి నిమిషాలు పంచుతారు. 175లో 11 అంటే నూటికి ఆరు. గంట చర్చలో నాలుగు నిమిషాలు కూడా రావు.

పబ్లిక్ అకౌంట్స్ కమిటీ (పీఏసీ) దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. కమిటీలో శాసనసభ నుంచి తొమ్మిది మంది, మండలి నుంచి ముగ్గురు. ఎన్నిక ప్రాధాన్య ఓటు పద్ధతిలో. ఒక స్థానం ఖాయంగా గెలవడానికి కావాల్సిన ఓట్ల లెక్క ఇలా కడతారు: మొత్తం ఓట్లను స్థానాల కంటే ఒకటి ఎక్కువ సంఖ్యతో భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలపాలి. 175ను పదితో భాగిస్తే 17, ఒకటి కలిపితే 18. మళ్లీ అదే అంకె! కూటమికి 164 మంది. 18 చొప్పున తొమ్మిది మందికి 162 ఓట్లు చాలు. 11 ఓట్లతో పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నెగ్గే దారి లేదు. 2024 నవంబర్‌లో ఓటింగ్‌ను వైసీపీ బహిష్కరించింది, జనసేనకు చెందిన పులపర్తి రామాంజనేయులు చైర్మన్ అయ్యారు. అంతకుముందు సభలో ఆ కుర్చీ టీడీపీకి చెందిన పయ్యావుల కేశవ్‌ది. ప్రభుత్వ ఖర్చును ప్రతిపక్షమే తనిఖీ చేయాలన్న ఆనవాయితీ లోక్‌సభలో 1967 నుంచీ ఉంది. పదో వంతు ఆనవాయితీని అంత గట్టిగా పట్టుకున్నవారు ఈ ఆనవాయితీని మాత్రం ఓటింగ్‌కు వదిలేశారు.

పార్లమెంటుకు ఈ చిక్కు ముందే తెలుసు. 2005 సమాచార హక్కు చట్టం 15వ సెక్షన్‌లో రాష్ట్ర సమాచార కమిషనర్లను ఎంపిక చేసే కమిటీలో ముఖ్యమంత్రి, ఒక మంత్రితో పాటు శాసనసభ ప్రతిపక్ష నేత ఉండాలి. దాని కిందే వివరణ రాశారు: ప్రతిపక్ష నేతగా ఎవరినీ గుర్తించకపోతే, ప్రతిపక్షంలోని అతి పెద్ద పక్షం నాయకుడినే ప్రతిపక్ష నేతగా భావించాలి. సీబీఐ డైరెక్టర్ ఎంపిక కోసం 2014లో ఇదే సవరణ చేశారు. మానవ హక్కుల చట్టంలో మాత్రం ఆ వివరణ లేదు, కమిటీలో ఖాళీ ఉన్నా నియామకం చెల్లుతుందని మాత్రమే ఉంది. 12-బి సెక్షన్ కిందా అలాంటి ఒక్క వాక్యం ఉండి ఉంటే ఈ కేసే ఉండేది కాదు. మూడు ప్రభుత్వాలు మారినా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఇక 60 రోజుల లెక్క. 190వ అధికరణ నాలుగో క్లాజు చెప్పేది: సభ అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ గైర్హాజరైతే సభ ఆ స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించవచ్చు. సభ ప్రొరోగ్ అయిన (గవర్నర్ ఉత్తర్వుతో సమావేశాలు ముగిసిన) కాలాన్ని, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడ్డ కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. అంటే శని, ఆదివారాల విరామం లెక్కలోకి వస్తుంది, పండగకు వారం వాయిదా వేస్తే రాదు. సమావేశాలు తక్కువ రోజులు జరిగే మన అసెంబ్లీలో 60 నిండటానికే చాలా కాలం పడుతుంది. మధ్యలో ఒక్క రోజు హాజరైతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే 2025 ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగానికి వైసీపీ సభ్యులు వచ్చి కొద్ది నిమిషాల్లో వెళ్లిపోయారు. ఉభయ సభలను ఉద్దేశించి చేసే ప్రసంగం శాసనసభ సమావేశం కిందికి రాదని అవతలివారి వాదన. ఆ తర్వాత నెలలో, సభలోకి రాకుండా హాజరు పట్టికలో మాత్రం ఏడుగురు వైసీపీ సభ్యుల సంతకాలు ఉన్నాయని స్పీకరే సభలో చెప్పారు.

60 నిండినా సీటు దానంతటదే పోదు. సభలో తీర్మానం పెట్టాలి, ఓటింగ్ జరగాలి. రాజ్యసభ 2000లో బర్జీందర్ సింగ్ హమ్‌దర్ద్ స్థానాన్ని ఈ పద్ధతిలోనే ఖాళీ చేసింది. 164 మంది ఉన్న కూటమికి తీర్మానం నెగ్గడం ఒక పూట పని. ఆ తర్వాత ఆరు నెలల్లో పులివెందులతో సహా ఖాళీ అయిన ప్రతి చోటా ఉప ఎన్నిక జరపాల్సి ఉంటుంది. తీర్మానం నోటీసు ఇవ్వడానికి ఇంతవరకు కూటమిలో ఎవరూ తొందరపడకపోవడానికి కారణం అదే కావచ్చు.