ఇసుక వెళ్ళే దారిలో సైకిలు

హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు మీద ఎండ బాధ లేదు, పైన సౌరఫలకల కప్పు ఉంది. లారీల భయమూ లేదు. చూడడానికి మాత్రం పెద్దగా ఏమీ లేదు. ఇంచుమించు అంతే దూరం, అంతే సులువుగా, కాని దిగి నిలబడి చూడవలసినవి చాలా ఉండే దారి ఏదని అడిగే మిత్రులకు నేను విశాఖపట్నం రామకృష్ణా బీచి నుంచి భీమిలి దాకా సముద్రం వెంబడి సాగే రోడ్డు పేరు చెబుతాను. సుమారు 25 కిలోమీటర్లు. కైలాసగిరి కింద, రుషికొండ దగ్గర కాస్త ఎత్తెక్కాలి. తక్కిన దారంతా కొత్తవారు కూడా ఆయాసపడకుండా తొక్కగలరు. సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్కి, సైకిలును బ్రేకు వ్యానులో వేస్తే తెల్లవారేసరికి సముద్రం దగ్గర ఉంటాము.

ఈ దారి ఈశాన్యానికి పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి నైరుతి నుంచి వీస్తుంది కనుక ఆ నెలల్లో భీమిలి వైపు తొక్కేవారిని అది వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. ఆ నైరుతి గాలులు లేపిన అలలే తీరాన్ని తిన్నగా కాక కొంచెం ఏటవాలుగా తాకుతాయి. అల ఇసుక మీదికి ఏటవాలుగా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం పల్లం చూసుకొని తిన్నగా దిగుతుంది. అలతో పాటు ఎక్కి దిగిన ఇసుక రేణువు మొదట ఉన్న చోటికి తిరిగి రాదు. జానెడో మూరెడో ఈశాన్యానికి జరుగుతుంది. రోజంతా ఆగకుండా వచ్చే అలల మీద ఇలా రంపపు పళ్ళ గీతలో నడుస్తూ, ఏడాదికి లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఈ తీరం వెంబడి ప్రయాణిస్తుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీచినప్పుడు ఇసుక కూడా వెనక్కి మళ్ళుతుంది కాని, ఆ కాలం తక్కువ, ఆ అలల బలమూ తక్కువ. ఏడాది చివర లెక్క చూస్తే ఇసుక వెళ్ళినది భీమిలి వైపే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనం, ఇసుక ఒకే దారిన పోతున్నామన్నమాట.

ఆ దారికి మొదటి అడ్డు మనం బయలుదేరే చోటికి దక్షిణానే ఉంది. 1970లలో విశాఖ రేవుకు బయటి హార్బరు కట్టినప్పుడు, ఓడలు నిలకడగా ఆగేందుకు డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర సముద్రంలోకి పొడవైన రాతి గోడలు వేశారు. దక్షిణం నుంచి నడిచివచ్చే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయింది. గోడలు దాటాక అలలు మాత్రం యథాప్రకారం తమ దగ్గరున్న ఇసుకను ఎత్తుకుపోతూనే ఉన్నాయి. రామకృష్ణా బీచి కోతకు గురికావడంలో ఉన్న మర్మం చాలావరకు ఇదే: అక్కడ సముద్రానికి ఆకలి కొత్తగా పుట్టలేదు, రావలసిన జమ ఆగిపోయింది, ఖర్చు ఆగలేదు. అందుకే గోడకు దక్షిణాన ఇసుక పేరుకొనేందుకు ఒక గుంత ఉంచి, అందులో చేరినదాన్ని డ్రెడ్జరుతో తోడి ఉత్తరాన బీచి మీద పోస్తూ ఉంటారు. ఒడ్డు వెంట గోడ కట్టడం కన్నా ఇది తెలివైన పని అని నా అభిప్రాయం. వాలుగా ఉన్న ఇసుక మీద అల తన బలాన్ని కొద్దికొద్దిగా పోగొట్టుకుంటుంది. నిట్టనిలువు గోడను కొట్టిన అల ఆ బలంతోనే వెనక్కి తిరిగి, గోడ పాదంలోని ఇసుకను తవ్వేస్తుంది.

ఇదే బీచిలో ఉన్న కురుసుర జలాంతర్గామిని చూసి కొత్తవారు ఒడ్డుకు కొట్టుకువచ్చిన నౌక అనుకుంటే తప్పు లేదు. అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారింది. కావాలని ఒడ్డుకు లాగి నిలబెట్టిన నౌక అది. నిజంగా కొట్టుకువచ్చిన ఓడ కథ నాలుగైదు కిలోమీటర్ల తరువాత, కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర జరిగింది.

2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం వచ్చిన రాత్రి, రేవు బయట లంగరు వేసి ఉన్న ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరకు ఓడ లంగరుతో సహా కొట్టుకువచ్చి అక్కడి రాళ్ళలో చిక్కుకుంది. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడను రెస్టారెంటుగా మార్చాలని తరువాత పర్యాటక శాఖ ఆలోచించింది. అంత పెద్ద లంగరు ఎలా ఊడిందన్న ప్రశ్న అక్కడ నిలబడిన ప్రతివారికీ వస్తుంది. లంగరు బరువు వల్ల ఓడ ఆగుతుందనుకోవడం పొరపాటు. అడుగున నేల మీద బారుగా పడి ఉన్న గొలుసు లంగరును అడ్డంగా లాగుతున్నంతసేపే దాని కొక్కేలు మట్టిలోకి దిగి పట్టు బిగిస్తాయి. తుపాను అలలు ఓడను పైకెత్తి లాగినప్పుడు గొలుసు మొత్తం నేల విడిచి లేస్తుంది. అప్పుడు లాగుడు అడ్డంగా కాక పైకి తిరుగుతుంది, కొక్కేలు మొక్కను వేరుతో పీకినట్టు ఊడి వస్తాయి. ఓడలో సరకు తక్కువగా ఉంటే అది నీటి మీద ఎత్తుగా తేలుతుంది, గాలికి తెరచాపలా దొరుకుతుంది. ఇక అది ఎక్కడ ఆగాలన్నది అలలే నిర్ణయిస్తాయి. నీటి లోతు తగ్గే చోట అల నడక మందగిస్తుంది కనుక, సముద్రంలోకి పొడుచుకువచ్చిన రాతి కొసల వైపు అలలు వంగి చేరతాయి, ఇసుక నిండిన వంపుల్లో విచ్చుకొని నెమ్మదిస్తాయి. తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళు, రుషికొండ దగ్గర మెత్తని ఇసుక ఉండడంలో ఈ పంపకానికి పాత్ర ఉంది.

ఒడ్డున చిక్కిన ఏ ఓడ చుట్టూ అయినా ఇసుక ఊరుకోదు. నీరు వెనక్కి లాగేటప్పుడు మడమల కింద ఇసుక జారిపోయి మనం వెనక్కి ఒరగడం చిన్నప్పటి నుంచి ఎరిగినదే. అడ్డు వచ్చిన దేని అంచుల వెంటనైనా నీటి వేగం పెరిగి ఇసుకను తోడేస్తుంది. ఓడకు ముందు వెనుకల గుంతలు పడతాయి, అలల చాటున మేట వేస్తుంది. కొన్నాళ్ళు కదలని ఓడ అంటే తీరానికి మరో చిన్న గోడ.

సాగర్ నగర్ దాటాక తుపాను వెలిసిన రోజుల్లో బీచి మీద నల్లని చారలు కనిపిస్తాయి. చాలామంది వాటిని మురికి అనుకుంటారు. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్ళు అరిగి ఇచ్చిన ఇసుక ఇది. ఇందులో తెల్లని క్వార్ట్జుతో పాటు ఎర్రని గార్నెట్టు, నల్లని ఇల్మెనైటు అనే ఖనిజాలు ఉంటాయి. క్వార్ట్జు నీటికి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు, ఇల్మెనైటు నాలుగున్నర రెట్లకు పైన. పెద్ద అలలు తేలికవాటిని ఊడ్చుకుపోయి బరువైనవాటిని వదిలేస్తాయి, చాటలో చెరిగినట్టు. కాబట్టి నలుపు చిక్కబడిన చోట ఇటీవల కోత జరిగి ఉంటుందని ఊహించవచ్చు.

తొట్లకొండ కింద మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. ఆటు సమయంలో అయితే దగ్గరికి నడిచి చూడవచ్చు. నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం భీమిలికి ముందు వచ్చే ఎర్రమట్టి దిబ్బల దగ్గర. సుమారు 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి పోయింది. అంటే ఈ రోడ్డు పక్కన అప్పుడు అలలు లేవు. బయటపడిన సముద్రపు అడుగు కిలోమీటర్ల దూరం ఎండుతూ ఉండేది. అలాంటి కాలాల్లో గాలి ఎగరేసి తెచ్చి పోసిన ఇసుక ఈ దిబ్బల్లో చాలా ఉంది. అందులోని ఇనుప ఖనిజాలు వేల ఏళ్ళు వానకు, గాలికి తుప్పుపట్టి రేణువులకు ఎర్రని పూత వేశాయి. ఇప్పుడు వాననీరు దాన్ని కోసి లోతైన వాగులు చేస్తూ, ఆ ఇసుకనే తిరిగి సముద్రానికి చేరుస్తోంది. సైకిలును రోడ్డు మీదే వదిలి వెళ్ళాలి. ఆ గట్లు చక్రం బరువుకే రాలిపోయేంత బలహీనమైనవి.

మన హైదరాబాదులో 250 కోట్ల ఏళ్ళనాటి రాళ్ళ మధ్య బతికేవారికి నేల ఇలా కదలడం వింతగా తోస్తుంది. అయితే మన నల్లాలో వచ్చే కృష్ణా నీటికీ తీరానికీ సంబంధం లేకపోలేదు. నాగార్జునసాగర్ వంటి జలాశయాలు నీటితో పాటు ఒండ్రునూ ఆపుతాయి. ఆ ఒండ్రు అందక కృష్ణా డెల్టా అంచున సముద్రం ముందుకు వచ్చింది. అది విశాఖకు దక్షిణాన, వేరే తీరం. లెక్క మాత్రం అదే, విశాఖలో రాతి గోడ చేసిన పని కృష్ణా మీద ఆనకట్ట చేసింది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట రోడ్డు దిగి చూస్తే, నదీముఖాన ఇసుక నాలుకలా సాగి ఉంటుంది. వానాకాలంలో నది దాన్ని తెంచుతుంది, తరువాత అలలు మళ్ళీ అల్లుతాయి. తిరుగుదారి ఎదురుగాలి కనుక, జులైలో అయితే సైకిలును ఆటో మీద వేసుకొని రావడంలో నామోషీ లేదు.

ఇంటికి వచ్చాక ఉప్పు పట్టకముందే సైకిలు గొలుసును మంచినీటితో కడగాలి. కడిగిన నీరు వార్చి, అడుగున మిగిలిన ఇసుకను పాత పేపరు మీద ఆరబెట్టి, పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని పేపరు కింద అటూ ఇటూ జరిపితే, తెల్లని రేణువులు ఉన్నచోటే ఉంటాయి, నల్లనివి కొన్ని దాని వెంట నడుస్తాయి.