డియోడరెంట్ ఎప్పుడు పాతబడుతుంది?

డియోడరెంట్ మీది తేదీ దాటినంత మాత్రాన అది పారేయాల్సిన సరుకైపోదు. తేదీకి ఇంకా ఏడాది గడువుందని అది బాగున్నట్టూ కాదు. లోపలి పదార్థాల్లో ఏది ముందు చెడుతుందో చూడాలి. అది స్టిక్‌లో ఒకటైతే రోల్‌ఆన్‌లో మరొకటి.

చంకల్లోంచి వచ్చే చెమటకు మొదట వాసన ఉండదు. చర్మం మీది కొరినెబాక్టీరియం, స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. డియోడరెంట్ ఆ బాక్టీరియాను అణచి, మిగిలిన వాసనను సువాసనతో కప్పేస్తుంది. యాంటీపెర్‌స్పిరెంట్ పని వేరు: దానిలోని అల్యూమినియం లవణాలు చెమట నాళాల మూతి దగ్గర జిగురులా గడ్డకట్టి చెమటనే తగ్గిస్తాయి. ఈ లవణాలు కుళ్లవు, పులవవు. పాత యాంటీపెర్‌స్పిరెంట్ పనిచేయడం లేదంటే సాధారణంగా లవణం బలం తగ్గి కాదు, అది చర్మానికి సమంగా అంటుకోక.

అమెరికాలో యాంటీపెర్‌స్పిరెంట్‌ను మందుగా లెక్కిస్తారు. కనీసం 3 ఏళ్లు నిలుస్తుందని పరీక్షల్లో తేలితే తేదీ వేయనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో 30 నెలలకు మించి నిలిచే సౌందర్య సాధనాలకు తేదీ బదులు మూత తెరిచిన డబ్బా బొమ్మ ఉంటుంది. అందులో 12ఎం అని ఉంటే, తెరిచాక 12 నెలలు అని అర్థం. తెరిచిన రోజే అడుగున మార్కర్‌తో నెల, ఏడాది రాసి పెట్టుకోకపోతే ఆ గుర్తు వల్ల ఉపయోగం లేదు.

అన్నిటికంటే ముందు చెడేది సువాసన, జాగ్రత్త పడాల్సిందీ దాని దగ్గరే. లిమోనీన్, లినలూల్ అనే పరిమళ ద్రవ్యాలు గాలి తగిలేకొద్దీ ఆక్సీకరణం చెంది హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. మొదటి రూపంలో ఇవి అలర్జీ కలిగించడం అరుదు. మారిన రూపంలో ఆ గుణం బాగా పెరుగుతుంది. పైగా చంక ఎప్పుడూ మూసుకుని, తడిగా, తరచూ షేవింగ్ గీతలతో ఉండే చోటు. ఎప్పుడూ వాడేదే ఉన్నట్టుండి దురద పెడితే, కొత్త సబ్బునో బట్టల పౌడర్‌నో అనుమానించేముందు డియోడరెంట్ ఎంత పాతదో చూడండి. దద్దురు వస్తే ఆపేయాలి, తగ్గేదాకా మళ్లీ రాయకూడదు.

యాంటీపెర్‌స్పిరెంట్ స్టిక్‌లో మైనంలాంటి స్టియరైల్ ఆల్కహాల్‌తో పాటు, చాలావాటిలో ఆవిరైపోయే సిలికోన్ ద్రవం ఉంటుంది. మూత వదులుగా ఉంటే ఆ ద్రవం ఆవిరై స్టిక్ కుంచించుకుపోతుంది, పగుళ్లిస్తుంది, పొడిగా రాలుతుంది. పైపొరే ఎండితే రెండు మూడు మిల్లీమీటర్లు గీకేసి వాడొచ్చు. లోపలా అలాగే ఉంటే దాని పని అయిపోయినట్టే. పారదర్శకంగా ఉండే జెల్ స్టిక్ ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, నీరు, సబ్బు కలిసినది. నీరు పోతే అదీ కుదించుకుపోతుంది.

1950ల మొదట్లో బాల్‌పెన్ను చూసి తయారుచేసిన రోల్‌ఆన్‌కు ఆ బంతే బలహీనత. తిరిగిన ప్రతిసారీ చర్మం మీది నూనె, మృతకణాలు, బాక్టీరియా సీసాలోకి వెళ్తాయి. వాటిని అదుపులో ఉంచడానికే ప్రిజర్వేటివ్ వేస్తారు. కడిగి, పూర్తిగా ఆరిన చర్మానికే రాస్తే దాని మీద భారం తగ్గుతుంది. వాడాక బంతిని శుభ్రమైన గుడ్డతో తుడవాలి. బంతి బిగిసిపోతే లవణం ఎండి అంటుకుందన్నమాట. సీసా మూతిని గోరువెచ్చని నీటి ధార కింద పట్టి తుడిస్తే కదులుతుంది. బంతి ఊడదీసి లోపల నీళ్లు పోస్తే మాత్రం ప్రిజర్వేటివ్ పలచబడి సరుకు త్వరగా చెడుతుంది. ద్రవం విడిపోయి, ఊపినా కలవకపోతే పారేయండి.

స్ప్రే డబ్బాలోకి గాలి వెళ్లదు కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. దానికి వచ్చే చిక్కంతా వాల్వ్‌తోనే. యాంటీపెర్‌స్పిరెంట్ స్ప్రేలో లవణం పొడిగా తేలుతుంటుంది. ఊపకుండా నొక్కితే గ్యాస్ ముందుగా పోయి, అడుగున పొడి మిగిలిపోతుంది. నాజిల్ మూసుకుపోతే ఊడదీసి వేడినీటిలో కడగండి. వాల్వ్‌లో పిన్ను గుచ్చకండి. లోపలిది మండే గ్యాసు, బ్యూటేన్ లాంటిది. 50 డిగ్రీల సెల్సియస్ దాటే చోట, అంటే ఎండలో నిలిపిన కారులో, డబ్బా ఉంచకూడదు.

నీరు లేని సహజ క్రీములు చెడేది నూనె వల్ల. బాదం, పొద్దుతిరుగుడు నూనెలు త్వరగా ఆక్సీకరణం చెంది కనరు వాసన వేస్తాయి. కొబ్బరినూనె వాటికంటే ఎక్కువ కాలం ఆగుతుంది. ఈ క్రీముల్లో వేసే షియా బటర్ (షియా గింజల కొవ్వు) కరిగి, మెల్లగా చల్లారినప్పుడు ఇసుకలా పలుకులు కట్టడం చెడినట్టు కాదు. వేలితో తీయకుండా చిన్న పొడి గరిటె వాడితే తడి, బాక్టీరియా లోపలికి వెళ్లవు.

పటిక దిమ్మకు మాత్రం గడువంటూ లేదు. తడిపి రాసుకున్నాక కడిగి ఆరబెట్టండి. కింద పడి అంచు పగిలితే చర్మం కోసుకుంటుంది, కాబట్టి ఆ పదునును తడిరాతి మీద అరగదీశాకే మళ్లీ వాడాలి.