మార్కులు వేయని రాతలు

పిల్లలకు,

బడికి సెలవులిచ్చారు. హాలిడే హోంవర్కు కూడా ఇచ్చే ఉంటారు. అందులో ‘వేసవి సెలవులు ఎలా గడిపావు?’ అనే వ్యాసం ఉండే ఉంటుంది. దాన్ని మీలో చాలామంది బడి తెరిచే ముందురోజు రాత్రి రాస్తారనీ తెలుసు. ఆ వ్యాసం జోలికి నేను పోను. ఎవరూ మార్కులు వేయని రాతలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఈ ఉత్తరం.

చేతిరాత కాపీలో గుండ్రంగా దిద్దితే వేళ్లకు పట్టు వస్తుంది, మంచిదే. కానీ అందులో ఉన్న వాక్యం ఎవరిదో. నాకు కావాల్సింది మీ వాక్యం. ఒత్తు తప్పినా, దీర్ఘం మరిచిపోయినా ఆగకండి. ఒత్తు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే చెప్పాలనుకున్న మాట జారిపోతుంది. ముందు రాసేయండి, దిద్దుకోవడం తర్వాత. (పెద్దవాళ్లకు ఒక మనవి: పిల్లలు రాసింది చూపిస్తే ముందు చదవండి. ఎర్ర పెన్ను వెతకొద్దు.)

‘నిన్న వాన పడింది. చాలా బాగుంది.’ ఇలా ఎవరైనా రాస్తారు. ‘బాగుంది’ అని రాయబోయినప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీ కంటికి ఏం కనిపించింది? గొడుగు చివరి నుంచి చుక్కలన్నీ మీ ఎడమ చెప్పు మీదే పడ్డాయా? అయితే అది రాయండి. అప్పుడు ‘బాగుంది’ అని వేరే చెప్పక్కర్లేదు.

రోజూ ఏదో ఒకటి రాయాలంటే మొదటి వారంలోనే విసుగొస్తుంది. అందుకే చూడ్డానికి ఒక వస్తువు పెట్టుకోవడం మేలు. నన్నడిగితే చందమామ. రాత్రి బయటికొచ్చి చూడండి. తేదీ, టైము వేసి, కనిపించిన ఆకారం గీసి, పక్కన ఒక్క వాక్యం రాయండి. మబ్బు పట్టి కనబడకపోతే ‘మబ్బు, కనబడలేదు’ అని రాయండి. అదీ లెక్కలోకే వస్తుంది. అమావాస్య నుంచి మళ్లీ అమావాస్యకు సుమారు 29న్నర రోజులు పడుతుంది కాబట్టి సెలవుల్లో ఒక చుట్టు పూర్తిగా చూడొచ్చు. చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయిస్తాడు, సగటున 50 నిమిషాల తేడా. అందుకే పున్నమి దాటిన నాలుగైదు రోజులకు, మీరు పడుకునే వేళకు కూడా ఆయన జాడ ఉండదు. మానేయకండి. పొద్దున్నే లేచి పడమటి వైపు చూస్తే, తెల్లారిన ఆకాశంలో పాలిపోయి కనిపిస్తాడు. ఒకటో తరగతి వాళ్లు బొమ్మ గీసి కింద ఒక్క మాట రాస్తే చాలు. లేదా నోటితో చెప్పి అక్క చేత రాయించుకోండి. చెప్పింది మీరే కాబట్టి అది మీ రాతే.

ఇంకోటి ఆట లాంటిది. నాకు అన్నిటికంటే ఇష్టం ఇదే. కాగితం పడవ ఎలా చేయాలో రాయండి. బొమ్మలు వేయకూడదు, అన్నీ మాటల్లోనే. రాసింది తమ్ముడికో స్నేహితురాలికో ఇచ్చి, ఉన్నది ఉన్నట్టే చేయమనండి. మీరు నోరు విప్పకూడదు, చేత్తో చూపించకూడదు. ‘కాగితం మడవాలి’ అని రాశారనుకోండి, ఎటు మడవాలి? నిలువుగానా, అడ్డంగానా? వాళ్లు ఒక మూల చిన్నగా మడిచి మీ మొహం చూస్తారు. మీకు ఒళ్లు మండుతుంది. కానీ తప్పు వాళ్లది కాదు, మీ మనసులో ఉన్నది కాగితం మీదికి రాలేదు. తిరగరాసి, ఈసారి ఇంకొకరికి ఇవ్వండి. పడవ తయారయ్యేసరికి ‘అంచు’, ‘మూల’, ‘మధ్య గీత’, ‘రెండు పొరలూ కలిపి’ లాంటి మాటలు వాటంతట అవే వచ్చి చేరతాయి. కంప్యూటరుకు ప్రోగ్రాం రాసేవాళ్ల పనీ ఇదే. అది కూడా రాసింది రాసినట్టే చేస్తుంది, రాయనిది ఊహించుకోదు.

ఇంట్లో పెద్దవాళ్లను కదిపి రాసుకోవచ్చు కూడా. ‘మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?’ అంటే ‘బాగుండేది’ అని ఊరుకుంటారు. చిన్న ప్రశ్న వేయండి. మొదటి రోజు బడికి ఎవరు తీసుకెళ్లారు? ఏడ్చారా? వాళ్లు ఎలా మాట్లాడితే అలాగే రాయండి. పుస్తకాల భాషలోకి మార్చొద్దు.

చివరగా ఉత్తరాలు. 1860 అక్టోబరు 15న అమెరికాలో గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పాప, అధ్యక్ష ఎన్నికలో నిలబడ్డ అబ్రహాం లింకన్‌కు ఉత్తరం రాసింది. మీ మొహం బాగా సన్నంగా ఉంటుంది, గడ్డం పెంచితే బాగుంటారు, ఆడవాళ్లకు గడ్డమంటే ఇష్టం కాబట్టి మీకే ఓటు వేయమని భర్తలను పోరు పెడతారు అని దాని సారాంశం. (అప్పటికి అక్కడ ఆడవాళ్లకు ఓటు లేదు.) లింకన్ నాలుగు రోజులకే జవాబు రాశాడు. పెంచుతానని మాట ఇవ్వలేదు గానీ పెంచాడు. 1861 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌కు రైల్లో వెళ్తూ ఆ పాప ఉండే వెస్ట్‌ఫీల్డ్‌లో ఆగి, ఆమెను పిలిచి మరీ పలకరించాడు.

ఆ ఉత్తరంలో నాకు నచ్చింది గడ్డం సంగతి ఒక్కటే కాదు. ‘మీకు నా అంత ఆడపిల్లలు ఉన్నారా?’ అని కూడా అడిగింది. లింకన్ దానికీ జవాబిచ్చాడు: ఆడపిల్లలు లేరట, ముగ్గురు మగపిల్లలట, వాళ్ల వయసులతో సహా చెప్పాడు. మీరు అత్తకో, టీచరుకో, వేరే ఊరు వెళ్లిపోయిన స్నేహితుడికో రాసేటప్పుడు ‘నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను’ దగ్గర ఆపేయకండి. వాళ్లు మాత్రమే చెప్పగలిగిన ప్రశ్న ఒకటి పెట్టండి. పైన తేదీ, కింద మీ పేరు, చిరునామా మరిచిపోవద్దు. లేకపోతే జవాబు ఎక్కడికి పంపుతారు?

మీ
తాతయ్య