అరిగిన పంటిని ఇంకా అరగదీయాలా?

సకినం కొరకగానే ముందుపళ్లు జివ్వుమంటాయి. అద్దంలో చూస్తే అంచులు పొట్టిగా అయి, నడుమ గిన్నెలా పసుపు గుంట కనిపిస్తుంది. ఆ పసుపు డెంటిన్, పంటి లోపలి పొర. పైనున్న గట్టి పొర ఎనామిల్ అక్కడ పోయిందన్నమాట. ఎంత మందమున్నచోటైనా అది 2.5 మిల్లీమీటర్లే, పోతే మళ్లీ పుట్టదు.

అరిగిన తీరే కారణం చెబుతుంది. పై ముందుపళ్ల లోపలివైపు నునుపుగా కరిగితే పుల్లటి తేన్పుల్ని అనుమానించాలి. కింది, పై అంచులు ఒకదానికొకటి అతికేలా చదునైతే నిద్రలో పళ్లు కొరకడం. చిగురు దగ్గర గాటు పడితే ఇటుకపొడి, బొగ్గుపొడి, గట్టి బ్రష్. నోట్లో పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ కరుగుతుంది. పూటకోసారి అన్నంలో కలుపుకునే పచ్చిపులుసు కంటే రోజంతా గుక్కగుక్కగా తాగే కూల్‌డ్రింకుతోనే ఎక్కువ చేటు.

ఈ దశలో తరచూ వినిపించే మాట క్యాప్, అంటే పంటికి వేసే తొడుగు. దానికోసం ముందుపన్నును చుట్టూ చెక్కితే బయటికి కనిపించే భాగంలో బరువు లెక్కన 63 నుంచి 72 శాతం పోతుందని కొలిచి చూశారు. అసలే అరిగిన పన్ను! చెక్కకుండా, పంటిరంగు కాంపోజిట్‌ను (లైట్ పెడితే గట్టిపడే రెసిన్ ముద్ద) అతికించి పెంచే పద్ధతి డెంటిస్టులకు తెలియనిది కాదు. చిక్కంతా జాగా దగ్గరే. పన్ను అరిగేకొద్దీ జరుగుతూ ఎదుటిపంటిని తాకుతూనే ఉంటుంది, కాంపోజిట్ పట్టేంత సందు మిగలదు.

ఆ ముడిని 1975లో నార్వేకు చెందిన దాల్, సహచరులు విప్పారు. ముందుపళ్ల వెనక లోహపు పలక పెట్టి బైట్, అంటే నోరు మూసినప్పుడు పళ్లు కలిసే ఎత్తు, పెంచారు. వెనకపళ్లు ఒకదాన్నొకటి తాకకుండా ఎడమయ్యాయి. నెలలు గడిచేసరికి అవి ఒకదానివైపొకటి జరిగి మళ్లీ కలిశాయి, ముందుపళ్లు కొంత లోపలికి దిగాయి. పలక తీస్తే కావలసిన సందు సిద్ధం. ఇప్పుడు లోహం బదులు కాంపోజిట్‌నే ఆ ఎత్తున కడుతున్నారు. వెనకపళ్లు కలవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, అంతవరకు సర్వపిండి నమలడం కష్టమేనని రోగికి ముందే చెప్పాలి. ఎముకలో బిగించిన కృత్రిమ పళ్లు (ఇంప్లాంట్లు) మాత్రం ఇలా జరగవు.

పన్ను ఎలా ఉండాలో ముందే మైనంతో చేసుకున్న నమూనా మీద తీసిన సిలికాన్ అచ్చుతో కాంపోజిట్‌కు ఆకారం వస్తుంది. అతుకు పట్టేందుకు ముందుగా 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఎనామిల్‌పై 30 సెకన్లు, డెంటిన్‌పై 15కు మించకుండా ఉంచి కడగాలి. బాండ్‌ను (కాంపోజిట్‌ను పంటికి అతికించే ద్రవం) 20 సెకన్లు రుద్ది, గాలి ఊది, గట్టిపడేలా లైట్ పెట్టాలి. తర్వాత కాంపోజిట్ 2 మిల్లీమీటర్ల పొరలుగా. ఉమ్మి తగిలితే అతుకు ఊడుతుంది, అందుకే పళ్ల చుట్టూ ఉమ్మిని ఆపే రబ్బరు తెర, రబ్బర్ డ్యామ్ వదలకూడదు. డెంటిన్‌ను బాగా ఎండగొట్టినా తప్పే: అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు కూలి, బాండ్ లోపలికి దిగదు. అంచు మరీ పలుచనైతే చిట్లుతుంది. చిట్లినచోట గరుకు చేసి మళ్లీ అతికించవచ్చు, కానీ రాత్రి పళ్లు కొరికేవాళ్లకు నిద్రలో పళ్లకు పెట్టుకునే తొడుగు, నైట్‌గార్డు ఇవ్వకపోతే అదే మూల మళ్లీ విరుగుతుంది.