పిక్కలో చేతిపంపు, కాళ్ల కింద పీట

"కుర్చీ ఎత్తితే కాళ్లు నేలకు అందవు, దించితే చేతులు బల్లకు అందవు. కాళ్ల కింద పీట వేసుకుంటే నిజంగా లాభముందా, అదొక సోకా?" అని ఒక పాఠకురాలు అడిగారు. పాదపీఠం అనగానే సింహాసనం గుర్తొస్తుంది కాబట్టి అనుమానం సహజమే. కొలతల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చేలా కుర్చీ పెంచండి, కింద మిగిలిన ఖాళీని పీటతో పూడ్చండి. నాకు అసలు ఆసక్తి పిక్క మీద.

బడిలో గుండె బొమ్మ గీయిస్తాం, అది రక్తాన్ని ఎలా తోస్తుందో వల్లె వేయిస్తాం. పాదాల దాకా దిగిన రక్తం పైకి ఎలా ఎక్కుతుందని మాత్రం అడగం. నీలం గీత గీసి వదిలేస్తాం. కూర్చున్న మనిషి పాదానికీ గుండెకూ మధ్య ఎత్తు 85 సెంటీమీటర్లు అనుకుందాం. రక్తం సాంద్రత 1.06, పాదరసానిది 13.6. లెక్క కడితే, కదలని పాదంలోని సిర మీద ఆ రక్తస్తంభం మోపే ఒత్తిడి సుమారు 66 మిల్లీమీటర్ల పాదరసం. ఆ ఒత్తిడికి సన్నని నాళాల్లోంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. సాయంత్రానికి మేజోళ్ల అంచు కాలి మీద గాడి వేసేది అందుకే.

ఈ స్తంభాన్ని ఎత్తిపోయడంలో ముఖ్యమైన పాత్ర పిక్కది. దాన్ని 'రెండో గుండె' అంటుంటారు కానీ నాకా పోలిక నచ్చదు. గుండె మన అనుమతి అడగదు. పిక్క చేతిపంపు: పిడి కొడితేనే నీళ్లు. మడమ ఎత్తడమే పిడి కొట్టడం. కండరం బిగిసి లోపలి సిరలను పిండితే రక్తం పైకి లేస్తుంది. వదలగానే సిరలోని కవాటం, పంపులో వాషర్ లాగా, మూసుకుని దాన్ని జారనివ్వదు. ఖాళీ అయిన సిర కింది నుంచి మళ్లీ నిండుతుంది. ఈ కవాటాలను ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1603లో వర్ణించాడు గానీ, కాళ్లలోకి రక్తం మరీ ఎక్కువగా దిగకుండా ఆపే అడ్డుకట్టలనుకున్నాడు. అవి రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయని గ్రహించి, 1628లో రక్తప్రసరణ గురించి పుస్తకం వెలువరించినవాడు ఆయన శిష్యుడు విలియం హార్వే.

పంపు బాగానే ఉన్నా గొట్టాన్ని తొక్కిపెడితే? మోకాలి కింది భాగాలు రెండూ కలిపి శరీర బరువులో సుమారు 12 శాతం. 60 కిలోల మనిషికి ఏడు కిలోల పైచిలుకు. నేల అందకపోతే ఆ బరువు వేలాడుతూ తొడలను కుర్చీ అంచుకు అదుముతుంది. 1940లో లండన్ మీద బాంబులు పడిన రాత్రుల్లో జనం ఆశ్రయాల్లో మడత కుర్చీల్లోనే నిద్రపోయేవారు. వారిలో కొందరు ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి చనిపోవడం కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించి ఆ ఏడాదే 'లాన్సెట్' వైద్య పత్రికలో రాశాడు. కుర్చీ ముందు పట్టీ తొడల కింద ఒత్తుకోవడాన్ని అనుమానించాడు. రాత్రంతా కదలని వారితో మధ్యమధ్య లేచి తిరిగే ఉద్యోగిని పోల్చి భయపెట్టను. ఒత్తుకునే చోటు మాత్రం అదే. (కాలు తిమ్మిరెక్కితే రక్తం ఆగిందంటారు, చాలాసార్లు అక్కడ నలిగేది నరం.)

పీట వల్ల పాదం పైకి లేస్తుంది కాబట్టి మేలని కొందరు చెబుతారు. పది సెంటీమీటర్లు ఎత్తితే తగ్గేది ఎనిమిది మిల్లీమీటర్ల ఒత్తిడే. పైగా కుర్చీని కూడా అంతే పెంచాం కదా, లెక్క చెల్లుకు చెల్లు! పీట చేసే మేలు వేరు. తొడల మీది బరువును తాను మోస్తుంది, గాలిలో ఆడే పాదానికి తన్నుకునే ఆధారమిస్తుంది. అందుకే కదలని పలక కంటే ముందుకూ వెనక్కూ ఊగే పీటకే నా ఓటు. 2016లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులైన యువతను మూడు గంటలు కూర్చోబెట్టి, ఒక కాలిని అప్పుడప్పుడు ఆడించమని, రెండోదాన్ని కదల్చవద్దని చెప్పారు. మోకాలి వెనక ధమని పనితీరు కదలని కాలిలో తగ్గింది, ఆడించిన కాలిలో తగ్గలేదు.

పాఠకురాలికి ఒక పరీక్ష: తొడకూ కుర్చీ అంచుకూ మధ్య అరచెయ్యి దూర్చి చూడండి. సులువుగా దూరితే మీ కాళ్లకు ఆధారం సరిపోయినట్టే. ఇరుక్కుంటే, కొనే ముందు రెండు లావుపాటి పుస్తకాలు కాళ్ల కింద పెట్టుకుని ఒక పూట పని చేసి చూడండి.